రాయి మూలిగితే వినేదెవరు?

మా ఒంగోలు, గుంటూరు వైపు రాతికి కరువు లేదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకున్నాం. పలనాటి నాపరాళ్ళు పరిచిన వసారాలో పడుకొని కథలు విన్నాం. చీమకుర్తి నల్లరాయి కొందరి వంటింటి గట్టు మీదా, మరికొందరి సమాధుల మీదా నిగనిగలాడుతుంటే రోజూ చూస్తున్నాం. ఇంత రాతి మధ్య బతుకుతూ, ‘రాతిగుండె’, ‘ఉలుకూ పలుకూ లేని రాయి’ అనే పలుకుబళ్ళను ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు వివరిస్తూ జీతం తీసుకుంటున్న తెలుగు లెక్చరర్ని నేను. రాయికి పలుకు ఉందా అని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు, 2024 డిసెంబరు దాకా.

ఆ నెల 4వ తేదీన ములుగు దగ్గర భూమి అదిరింది. తీవ్రత 5.3 అన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్ళవాళ్ళు మంచాల మీంచి లేచి వీధిలోకి వచ్చారు. ఆ మాట సద్దుమణిగిందో లేదో, ప్రకాశం జిల్లాలో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో వరసగా రెండు మూడు రోజులు చిన్న చిన్న అదుర్లు. గిన్నెలు గలగలమన్నాయి, అంతే. కానీ చలికాలంలో మిరపచేను కాపు మీద ఉండగా, అప్పో సొప్పో చేసి కట్టుకున్న ఇల్లు కాళ్ళకింద కదిలిందంటే, ఆ ‘అంతే’ అనే మాట ఆ ఇంట్లోవాళ్ళ నోట రాదు గదా!

ఆ వారంలోనే ఒక కుర్రవాడు నన్ను క్లాసు బయట పట్టుకున్నాడు. వాళ్ళది తాళ్ళూరు వైపు పల్లె. తండ్రి నల్లరాయి క్వారీలో పనిచేస్తాడు. ఫోనులో ఏదో చదివాడట. “రాయి విరగబోయే ముందు రేడియో తరంగాలు పంపిస్తుందట సార్, నిజమేనా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వేశాడు. “నిజమైతే మా నాన్న పనిచేసేచోట ఆ మిషను పెట్టరేం సార్?”

మొదటి ప్రశ్న శాస్త్రానిది. రెండోది కొడుకుది. సంధులూ సమాసాలూ చెప్పుకునే నన్నెందుకు అడిగాడంటే, మిగతా మేష్టార్లు సిలబస్సు అయిపోలేదని తొందరలో ఉన్నారు కాబోలు. సరే చూస్తానన్నాను. చూడడం మొదలుపెట్టాక మా ఇంట్లో అందరూ అందులో పడ్డారు.

ముందు మా అమ్మ. ఈ సంగతి ఎత్తగానే ఆవిడ, “ఇప్పటివా అదుర్లు? మా చిన్నప్పుడు వచ్చింది చూడవలసింది!” అంది. ఆవిడ చెప్పేది 1967 మార్చి 27 నాటి ఒంగోలు భూకంపం. తీవ్రత 5.4. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టనే లేదు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. భూకంపం నాటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోదే. అమ్మకు తొమ్మిదేళ్ళు. మార్చి నెల గదా, మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. రాశిగా పోసిన కాయ ఎవరో కింద చెయ్యి పెట్టి కదిపినట్టు జరజరా జారిందట. “ఎర్రటి పాము పాకినట్టుందిరా” అంటుంది అమ్మ. ఆ ఉపమానానికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

ఈ కథకు మా మేనమామ తగిలించిన తోక ఒకటి ఉంది. అంతకుముందు సాయంత్రం వాళ్ళ ట్రాన్సిస్టరు ఊరికే గరగరలాడిందనీ, “భూమి ముందే చెప్పింది, మనకే అర్థంకాలా” అనీ ఆయన బతికినన్నాళ్ళూ చెప్పాడు. చిన్నప్పుడు మేమంతా ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు మా ఆవిడ వంటింట్లో గ్యాసు లైటరు తీసుకొని, పాత రేడియో ఒకటి అటక మీంచి దింపి, మీడియం వేవులో ఏ స్టేషనూ లేనిచోట ముల్లు నిలిపి, పక్కన లైటరు నొక్కాను. రేడియోలో ‘టప్’ మంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ‘టప్’. మా అమ్మాయి పదో తరగతి. లైటరు లాక్కొని వరండాలోకి పోయి అక్కడినుంచి నొక్కింది. చిన్నగానైనా వినిపించింది. మీ ఇంట్లోనూ చేసి చూడవచ్చు, స్టవ్వు కట్టేసి సుమా!

ఆ లైటరులో బ్యాటరీ లేదు. ఉన్నది ఒక చిన్న పింగాణీవంటి బిళ్ళ. మీట నొక్కితే లోపలి సుత్తి దాన్ని కొడుతుంది. దెబ్బ తగిలిన బిళ్ళలో విద్యుత్తు పుట్టి రవ్వ ఎగురుతుంది. ఆ రవ్వే రేడియోకు వినిపించే టప్పు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, పియరీ, జాక్ అనేవాళ్ళు, 1880లో కనిపెట్టారు. అందులో ముఖ్యమైనది మన పలుగురాయి. దాన్నే ఇంగ్లీషువాళ్ళు క్వార్ట్జ్ అంటారు. అదే పలుగురాయికి తిరగేసి విద్యుత్తు ఇస్తే సన్నగా వణుకుతుంది. మీ గోడగడియారంలో సెకనుకు 32,768 సార్లు వణుకుతూ కాలం కొలుస్తున్నది ఆ జాతి పలుకే.

ఆ రాత్రి మా పిల్లలు రెండు తెల్ల పలుగురాళ్ళు ఏరుకొచ్చి, దీపాలు ఆర్పించి, దుప్పటి ముసుగులో రాపాడించారు. రాళ్ళ లోపల మసక మసగ్గా వెలుగు మెరిసింది. కాలిన వాసన కూడా వేసింది. “అయితే మీ మామయ్య అబద్ధం చెప్పలేదన్నమాట” అంది అమ్మ. ఆవిడకు తమ్ముడి మాట నిలబడడమే కావాలి. కానీ తీర్పు అంత తొందరగా ఇవ్వడానికి వీల్లేదు.

రాయి మీద బరువు పడుతుంది. లోపల కంటికి కనబడని పగుళ్ళు మొదలవుతాయి. పగులు విచ్చుకున్నప్పుడు దాని రెండు ముఖాల మీదా విద్యుదావేశం విడిపోతుంది, ఒకవైపు ధనం, ఒకవైపు రుణం. ఆ ముఖాలు అదిరితే ఆ ఆవేశమూ అదురుతుంది. అదిరే ఆవేశం చుట్టూ విద్యుదయస్కాంత తరంగం పుట్టి తీరుతుంది. దీనికి పలుగురాయే అక్కర్లేదు. 1933లోనే రష్యాలో స్టెపనోవ్ అనే ఆయన ఉప్పువంటి స్ఫటికాలు విరిగేటప్పుడు ఇది గమనించాడు. చీమకుర్తి రాయి విషయంలో ఈ మాట ముఖ్యం. వ్యాపారులు దాన్ని ‘బ్లాక్ గెలాక్సీ గ్రానైటు’ అని ఓడలకెక్కిస్తారు గానీ, భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి. అందులో నక్షత్రాల్లా మెరిసేవి బ్రాంజైటు అనే ఖనిజం రేకులు. పలుగు పాలు బహు తక్కువ. అయినా పగిలితే అదీ మూలుగుతుంది. అమెరికాలో ఫ్రాయిండ్ అనే శాస్త్రవేత్త గాబ్రో దిమ్మలనే యంత్రంలో నొక్కి, పగలకముందే వాటిలోంచి సన్నని కరెంటు పారుతుందని చూపించాడు. దాని అర్థమేమిటన్నదాని మీద పండితులింకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

‘స్ట్రెస్డ్ రాక్స్ వెలువరించే సహజ విద్యుదయస్కాంత ఉద్గారం’ అంటే మా అమ్మకు అర్థం కాలేదు. ‘రాతి మూలుగు’ అన్నాను. వెంటనే అర్థమైంది. పరిభాషా సంఘాలవారు నా మీద కోప్పడకపోతే ఆ మాటే వాడుకుంటాను.

మూలుగు నిజమే. అది మన చెవిదాకా వస్తుందా అన్నది వేరే సంగతి. ఇక్కడే మా నల్లరేగడి అడ్డుపడింది. మా కాలేజీ ఫిజిక్సు మేష్టారు ఒక చిత్తు కాగితం మీద లెక్కవేసి ఇచ్చారు. తడిసిన నల్లరేగడి విద్యుత్తును బాగా మింగుతుంది. సెకనుకు పదివేల కంపనాల తరంగం అందులో పదిహేను మీటర్ల చొప్పున దాటేసరికి బలం మూడోవంతుకు కాస్త పైనే మిగులుతుంది. మన మీడియం వేవు రేడియో తరంగమైతే ఒకటిన్నర, రెండు మీటర్లకే ఆ గతి. అదే పొడి గట్టిరాతిలో మొదటి తరంగం కొన్ని వందల మీటర్లు పోగలదు. భూకంపం పుట్టేది కిలోమీటర్ల లోతున. అక్కడి మూలుగు పత్తిచేలూ మిరపచేలూ దాటుకొని మా మామయ్య ట్రాన్సిస్టరుకు చేరడం కుదరదు. ఆ గరగర ఎక్కడో దూరాన మెరిసిన మెరుపుది అయ్యుంటుంది. ఆ ఏడాది ఇంకెన్ని సాయంత్రాలు గరగరలాడిందో ఎవరు లెక్కపెట్టారు? మర్నాడు భూమి కదిలింది కనుక ఆ ఒక్క సాయంత్రం గుర్తుండిపోయింది. ఈ మాట అమ్మతో అంటే, “పోయినవాడితో నీకు వాదనేమిటిరా” అని ముఖం తిప్పుకుంది.

అయితే మా మామయ్యలాంటివాళ్ళు పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నారు. 1989 అక్టోబరు 17న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన్ని లోమా ప్రియెటా భూకంపం కుదిపింది. తీవ్రత 6.9. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త ఫ్రేజర్ స్మిత్ వేరే పనికోసం పెట్టుకున్న అయస్కాంత మాపకం ఒకటి, భూకంప కేంద్రానికి ఏడు కిలోమీటర్ల దూరంలో కొరాలిటోస్ అనేచోట ఉంది. నూరు సెకన్లకొక కంపనం చేసే అతి నెమ్మది తరంగాలు, భూకంపానికి మూడు గంటల ముందునుంచి అందులో విపరీతంగా పెరిగాయి. అంత నెమ్మది తరంగాలైతే కిలోమీటర్ల మట్టినీ దాటగలవు, కనుక మాట నమ్మదగిందే. ప్రపంచమంతా ఆశపడింది. ఇరవయ్యేళ్ళ తర్వాత, 2009లో, ఆ కాగితాలను మళ్ళీ తిరగేసినవాళ్ళు ఆ పెరుగుదల రాతిది కాకపోవచ్చునన్నారు. పరికరంలో లోపమైనా ఉండవచ్చునన్నారు. ఇన్నేళ్ళలోనూ ‘ఫలానా రోజు, ఫలానా ఊళ్ళో’ అని ముందుగా చెప్పి నిలబెట్టుకున్న రాతి రేడియో లేదు. ఫోనుల్లో తిరిగే ‘రేపు రాత్రి భూకంపం’ కబుర్లను మా వీధిలో అందరిచేతా తుడిపించేశాను. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

మరి కుర్రవాడి రెండో ప్రశ్న? భూకంపం వదిలేద్దాం. గనిలో, సొరంగంలో రాయి మనిషికి పక్కనే ఉంటుంది, మధ్యన రేగడి లేదు. అక్కడ ఈ మూలుగు వినడం గాలిలో మేడ కాదు. చైనాలో బొగ్గు గనుల్లో, రాయి పేలే ప్రమాదం కనిపెట్టడానికి ఇలాంటి పరికరాలు పెట్టి చూస్తున్నారు. జర్మనీలో ఓడెన్‌వాల్డ్ కొండల సొరంగాల్లో చేత్తో పట్టుకుపోయే పరికరంతో కొలిచారు. నల్లటి ఫెర్రైటు కడ్డీ, దానికి చుట్టిన సన్నని రాగితీగె, సంకేతాన్ని పెద్దదిచేసే పెట్టె, అంతే దాని స్వరూపం. పాత ట్రాన్సిస్టరు విప్పితే లోపల కనిపించే కడ్డీకి ఇది దగ్గర చుట్టం. సెకనుకు అయిదువేల నుంచి యాభైవేల కంపనాల మధ్య ఎన్ని టప్పులు వస్తున్నాయో లెక్కపెడతారు. కడ్డీని చుట్టూ తిప్పి ఏ దిక్కున ఎక్కువగా వస్తున్నాయో చూస్తారు. రాయి ఏ దిక్కునుంచి నొక్కుడుపడుతున్నదో దాన్నిబట్టి ఊహిస్తారు.

ఊహిస్తారు అని ఎందుకన్నానంటే, ఆ కంపనాల సందులో లోకమంతా మాట్లాడుకుంటూ ఉంటుంది. ఎక్కడ మెరిసినా ఆ మెరుపు అందులో వినిపిస్తుంది. మోటార్లు గీపెడతాయి. సముద్రం లోపలి జలాంతర్గాములకు కబురు పంపే నౌకాదళం వారి కేంద్రాలూ ఆ మేరలోనే పలుకుతాయి. తిరునల్వేలి దగ్గర ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్‌లో ఒకటుంది. వికారాబాదు జిల్లా దామగుండంలో రెండోదానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. కడ్డీ తిప్పుతూ తిప్పుతూ తిరునల్వేలిని విని, కొండ మూలిగిందని రాసుకోవడానికి అవకాశం లేకపోలేదు!

మన పొరుగున కోలారులో దీనికన్నా పాత పద్ధతి పనికొచ్చింది. చిత్తూరు సరిహద్దు అవతలే ఆ బంగారు గనులు. అక్కడ పనిచేసినవారిలో తెలుగువారూ ఉన్నారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. అంత లోతున తవ్విన ఖాళీ చుట్టూ ఉన్న రాయి, పైబరువుకు ఓర్వలేక తుపాకి పేలినట్టు పేలి మనుషుల మీద పడేది. అలాంటి పేలుళ్ళు ఎన్నో, ఎందరో పోయారు. పైన ఊళ్ళో ఇళ్ళు కూడా అదిరేవట. రాతిలో చెవులు అమర్చి, చిన్న చిన్న చిటపటలు ఎక్కడినుంచి వస్తున్నాయో గుర్తుపట్టే ఏర్పాటు అక్కడ చేశారు. ఆ చెవులు వినేది రేడియోను కాదు, శబ్దాన్ని, కంపనాన్ని. 1988లో రాతి యాంత్రిక శాస్త్రానికి జాతీయ సంస్థ ఒకటి కోలారులోనే పుట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. రాయి ఎలా మూలుగుతుందో ఈ దేశంలో అందరికన్నా బాగా నేర్చిన ఊరు ఇప్పుడు ఉద్యోగాలకు పొద్దున్నే బెంగుళూరు రైలెక్కుతోంది.

ఇదంతా పోగుచేసుకొని నేనొక ఆదివారం ఆ కుర్రవాడి వెంట వాళ్ళ ఊరికి పోయాను. వాళ్ళ నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఆయన పక్కన రాయి కొట్టడమే తరతరాల వృత్తిగా వచ్చిన వడ్డెర పెద్దాయన ఒకరు, ఎనభైకి దగ్గరవారు, కూర్చుని ఉన్నారు. నా కడ్డీ కథంతా ఓపిగ్గా విని, “రాయి చెప్పకుండా ఇరగదు అయ్యోరూ! సమ్మెటతో కొడితే ఖంగుమన్నదంటే గట్టిగుంది. బొద్దుగా పలికిందంటే లోన ఇడిసింది. మేం అట్టనే ఇనేవోళ్ళం. ఇప్పుడు ఆ మిషన్ల రొదలో ఎవురికి ఇనపడుద్ది?” అన్నారు. బావి తవ్వేటప్పుడు బండ అడ్డొస్తే మోదుగ, తుమికి కట్టెలతో ఎర్రబడేదాకా కాల్చి, సున్నపునీళ్ళు చల్లి పగలగొట్టమని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. ఆ మాట అంటే, ఆయన ఆశ్చర్యపోలేదు. “మా తాత మంటపెట్టేవోడు. సున్నం సంగతి తెలవదు” అన్నారు. పదిహేను వందల ఏళ్ళనాటి సంస్కృత గ్రంథానికీ ఆ తాతకూ మధ్య నేను చదివిన ఎం.ఏ. ఎక్కడుందో నాకు తెలియలేదు.

కుర్రవాడి తండ్రి అప్పటిదాకా మాట్లాడలేదు. నెమ్మదిగా, “బల్లికురవ మతికి రాలేదా సార్ మీకు?” అన్నాడు. ఎందుకు రాదు? 2025 ఆగస్టు 3న బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో పైనుంచి రాళ్ళు విరిగిపడి ఆరుగురు చనిపోయారు. అందరూ ఒడిశానుంచి పొట్టచేతబట్టుకు వచ్చినవాళ్ళు. ఆ వార్త వచ్చిన పూట మా కుర్రవాడు ఇంటికి ఫోను చేసి, తండ్రి గొంతు వినేదాకా అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది.

అప్పుడు నేను తెచ్చిన జవాబు చెప్పాను. క్వారీ అంచు బండ కోలారు లోతుల్లో రాయిలా నలిగి పేలదు. ఎప్పుడో ఉన్న సందు వాననీటికీ, పేలుళ్ళ అదుర్లకూ కొంచెం కొంచెంగా జారి, ఒకరోజు విడుస్తుంది. అలాటిచోట నొక్కుడు తక్కువ, మూలుగూ తక్కువే. చుట్టూ జనరేటర్లు, వైరు కోత యంత్రాలు మోగుతుంటే కడ్డీకి వినిపించేది వాటి గోలే. ఆ పరికరాన్ని నమ్ముకొని మనిషిని బండకింద నిలబెట్టడం నా దృష్టిలో పాపం. అంచును మెట్లు మెట్లుగా కొయ్యాలనీ, వదులు రాయి తీశాకే కిందికి మనిషి దిగాలనీ నియమాలు 1961 నుంచీ ఉన్నాయి. వాటికి విద్యుత్తూ అక్కర్లేదు, అయస్కాంతమూ అక్కర్లేదు.

“అవి అమలైతే నువ్వు ఇంతదూరం వచ్చేవాడివి కాదు గదయ్యా” అన్నారు పెద్దాయన. నా దగ్గర జవాబు లేదు.

ఒక్క సంగతి మాత్రం వాళ్ళకు నచ్చింది. పాత ఇంజనీర్లు గోడ పగులు మీద సన్నని గాజుపట్టీ అడ్డంగా అతికించి పెట్టేవారు. పగులు వెంట్రుకంత జరిగినా గాజు ఠప్పున విరుగుతుంది. ఎప్పుడు పడుతుందో అది చెప్పదు, కదులుతున్నదని మాత్రం చెబుతుంది. ఖర్చు కాఫీ డబ్బులంత. గాజు విరిగిననాడు ఆ కిందికి ఎవరూ దిగకూడదు, ఆ రోజు కూలి పోయినా సరే. కుర్రవాడు సైకిలు మీద పోయి గాజు కోసేవాడి దగ్గర ముక్కలు తెచ్చాడు. తండ్రి ఎక్కడ అతికించాలో గుర్తులు పెట్టాడు. ఈ వానలకు ముందు రెండుచోట్ల అతికించారట. మూడోచోటు సరిగ్గా లారీలు వచ్చే దారికి పైన ఉంది. గాజు కనిపిస్తే కొనేవాళ్ళు బెదురుతారని యజమాని ఇంకా ఒప్పుకోలేదు. రేపు ఆదివారం పెద్దాయన్ను వెంటబెట్టుకొని మాట్లాడడానికి పోతున్నాం.